ఎవరు తెచ్చారట?

2020 మార్చి ఆఖరి వారంలో అండమాన్ దీవుల్లోని ఫెరార్గంజ్ బజారులో ఏ ఇద్దరు ఎదురుపడినా ఒకటే మాట: ఎవరు తెచ్చారట? జ్వరం ఎలా మొదలవుతుంది, ముసలివాళ్లని ఏ గదిలో పడుకోబెట్టాలి, ఇంట్లో బియ్యం ఎన్నాళ్లకి సరిపోతాయి అన్న మాటలు తర్వాత వచ్చేవి. ఆ నెల 26న దీవుల్లో తొలి కరోనా కేసు బయటపడింది. రెండు మూడు రోజులు తిరక్కుండానే లెక్క పది దాకా వెళ్లింది. వాళ్లలో ఎక్కువమంది ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన మత సమావేశానికి వెళ్లి, కోల్‌కతా మీదుగా ఇంటికి తిరిగొచ్చినవాళ్లని తెలిసింది. అడిగినదానికి జవాబు దొరికింది కాబట్టి జనం కాస్త స్థిమితపడాలి. పడలేదు. ఒక పేరు తెలిశాక ఇంకో పేరు కావాలన్నారు. పేరు తర్వాత వీధి, వీధి తర్వాత మతం.

ఆ ప్రశ్న డాక్టరు అడిగితే అందులో తప్పేమీ లేదు. ఎవరు ఎవరిని కలిశారో తెలియకపోతే వ్యాధి పాకే దారి మూయలేరు. డాక్టరు గతాన్ని తవ్వేది రేపు మంచాన పడబోయే పదిమందిని ముందే పట్టుకోవడానికి. బజారులో అదే ప్రశ్న వేసినవాళ్లకి రేపటితో పని లేదు. కోపం ఎవరిమీద పెట్టుకోవాలో తెలిస్తే చాలు. ఒకే మాటలు రెండు నోళ్లలో రెండు పనులు చేస్తుంటే చూశాను. ఆ తేడా గురించే ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను.

మా ఊరు దారిలో ఉన్న ఊరు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి, అంటే ఇప్పటి శ్రీ విజయపురం నుంచి, ఉత్తరానికి పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు మా బజారు మీదుగా వెళ్తుంది. చాథం జెట్టీలో బోటెక్కితే బాంబూఫ్లాట్ పావుగంట దూరం. బోటు లేకపోతే మాత్రం అఖాతం చుట్టూ తిరిగి మా ఊరి మీదుగానే పోవాలి. ఏప్రిల్‌లో బాంబూఫ్లాట్‌లో వరసగా కేసులు తేలాయి. అది మా తహసీలే. అక్కడి పిల్లలు, ఇక్కడి పిల్లలు ఒకే పెళ్లిళ్లకి వెళ్లినవాళ్లు. అక్కడి చేపలవాళ్లు ఇక్కడి గుమ్మాల ముందు గంప దించినవాళ్లు. అలాంటిది బాంబూఫ్లాట్ అనగానే మనుషులు రెండడుగులు వెనక్కి వేయడం మొదలుపెట్టారు. ఆ ఊరి నుంచి వచ్చిన చేప కొనలేదు, ఆ ఊళ్లో చుట్టాలున్న ఇంటికి పాలు పోయడానికి ఒకాయన రానన్నాడు. ఆ కుటుంబంలో ఎవరికీ తుమ్ము కూడా లేదు.

భయానికి కారణాలు లేవని అనను. దీవిలో ఉండేవాళ్ల భయం మెయిన్‌లాండ్‌లో ఉండేవాళ్లకి పూర్తిగా అర్థం కాదు. ఉల్లిపాయ, బంగాళాదుంప, పప్పు, మందుబిళ్ల, సిమెంటు, గ్యాసు బండ, అన్నీ ఓడ మీద రావలసిందే. విశాఖ నుంచైనా చెన్నై నుంచైనా ఓడకి రెండు మూడు రోజులు పడుతుంది. ఓడ రాదన్న మాట పుట్టిందంటే చాలు, సాయంత్రానికల్లా కిరాణా దుకాణంలో ఉల్లిపాయల బస్తా అడుగు కనిపించేది. పెద్ద జబ్బు చేస్తే చెన్నైకో కోల్‌కతాకో విమానంలో పోవాలి. విమానాలు ఆగిపోయాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, డయాలసిస్ అవసరమైనవాళ్లు, నెలలు నిండుతున్న ఆడపిల్లలు ఉన్న ఇళ్లలో అప్పుడు జనం ఎలా నిద్రపోయారో వాళ్లకే తెలుసు.

బారాటాంగ్ సున్నపురాయి గుహలకీ మట్టి అగ్నిపర్వతాలకీ పోయే టూరిస్టు టాక్సీలు తెల్లవారకముందే మా బజారు దాటేవి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర మొదటి కాన్వాయ్ అందుకోవాలని వాళ్ల ఆరాటం. ఆ చీకట్లోనే లేచి పొయ్యి వెలిగించి, చాయ్, వడ, పూరీ అమ్ముకుని బతికే కుటుంబాలు రోడ్డు పొడవునా ఉన్నాయి. మార్చి మధ్యలోనే టూరిజం ఆపేశారు. దేశమంతా తాళం పడకముందే ఆ పొయ్యిలు ఆరిపోయాయి. డ్రైవర్లు బండి వాయిదా కట్టలేక కూర్చున్నారు. తోటల్లో వక్కలు ఎండి రాశులు పడ్డాయి గాని కొనేవాడు లేడు. డింగీలు ఒడ్డునే ఉండిపోయాయి. వీళ్లెవరికీ వైరస్ సోకలేదు. వైరస్ వీళ్ల వంటింట్లోకి మాత్రం వచ్చింది.

వార్తలు మరీ కష్టంగా వచ్చేవి. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్లు వేసిన ఇంటర్నెట్ కేబుల్ ఆ ఏడాది ఆగస్టు 10న గాని ప్రారంభం కాలేదు. అంతవరకు మాకు ఉపగ్రహమే దిక్కు. డాక్టరు మాట్లాడే పది నిమిషాల వీడియో తెరుచుకోవడానికి యుగం పట్టేది. ఎవరో ఎక్కడో పంపిన రెండు వాక్యాల వాట్సాప్ మాట మాత్రం ఎంత బలహీనమైన సిగ్నల్‌లోనూ దూరిపోయేది. సరైన సమాచారానికి బరువెక్కువ, పుకారు తేలిక. అబద్ధం మాకు ముందు చేరడానికి మా మనసులు చెడ్డవి కావడం ఒక్కటే కారణం కాదు, మా తీగలు చాలకపోవడం కూడా కారణం. ఆగస్టుకు ముందు ఆ కేబుల్ ఉండి ఉంటే ఎన్ని ఇళ్లమధ్య మాటలు తెగకుండా మిగిలేవో అనిపిస్తుంది.

ఏప్రిల్ చివర్లో జరిగినది చెప్పాలి. కరోనా రోగులతో ఫోనులో మాట్లాడినందుకు కుటుంబాలని ఇంటి క్వారంటైన్‌లో పెడుతున్నారెందుకని ఒక స్థానిక విలేఖరి ట్విటర్‌లో అడిగాడు. పోలీసులు ఆయన్ని అరెస్టు చేశారు. తర్వాత బెయిలు మీద బయటికొచ్చాడు. తప్పుడు ప్రచారం వల్ల జనం బెదిరిపోతారన్నది అధికారుల వాదన. నా బాధ వేరే. ఆ వార్త తెలిశాక మా చుట్టుపక్కల మనుషులు ఫోనులో మాట్లాడటానికి కూడా జంకారు. మా పక్కింటి పెద్దావిడది శ్రీకాకుళం జిల్లా, సోంపేట వైపు. ఆవిడ తమ్ముడి కూతుర్ని బాంబూఫ్లాట్‌లో ఇచ్చారు. ఒక మధ్యాహ్నం కంచె అవతల నిలబడి నన్నడిగింది: "ఏటమ్మా, గుంటకి జొరమొచ్చిందట. ఫోను చేస్తే నన్ను కూడా అట్టుకుపోతారేటి?" చేయండి పిన్నీ, ఫోనులో రోగం రాదు అన్నాను. "రోగం రాదని నాకు తెలుసునే" అంది. ఆమె భయం దేని గురించో ఆ ఒక్క మాటతో అర్థమైంది. చేసింది చివరికి. అవతల పిల్ల ఏడుస్తుంటే ఈవిడ వేడినీళ్లు తాగమని, వాము పొగ పట్టమని చెబుతూ కూర్చుంది. ఆ పిల్లకి వచ్చింది మామూలు జలుబే. కరోనాయే అయి ఉంటే మాత్రం ఆ ఫోను ఇంకా ఎక్కువ అవసరమయ్యేది.

మెయిన్‌లాండ్‌లో మన తెలుగు ఊళ్లలో ఏం జరిగిందో కూడా వింటూనే ఉన్నాం. ఆంధ్రలో ఒక్క కేసైనా బయటపడకముందే, 2020 ఫిబ్రవరిలో, చిత్తూరు జిల్లాలో ఒకాయన తనకి వచ్చిన మామూలు జ్వరాన్ని కరోనా అనుకున్నాడు. తనవల్ల ఇంటివాళ్లకీ ఊరివాళ్లకీ అంటుతుందని ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, ఆఖరికి తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఎవరు తెచ్చారన్న ప్రశ్నకి నేనే అన్న జవాబు ముందుగా తనే చెప్పుకున్న మనిషి ఆయన. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. జూన్ నెలాఖరులో పలాసలో మరొకటి. మా దీవుల్లో ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి ఆ చుట్టుపక్కలే పుట్టిళ్లు, పొలాలు, దేవుళ్లు. అక్కడ చనిపోయిన ఒక వృద్ధుడికి కరోనా ఉందని తేలగానే, మృతదేహాన్ని శ్మశానానికి జేసీబీ తొట్టిలో తీసుకెళ్లారు. ఆ బొమ్మ మా ఫోన్లలోకి కూడా వచ్చింది. మునిసిపల్ కమిషనర్‌నీ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నీ సస్పెండ్ చేశారు. చేయాల్సిందే. కానీ ఆ యంత్రం వెంట నడిచినవాళ్లు కూడా ఎవరో ఒకరి బిడ్డలే. వాళ్ల చేతులకి సరైన తొడుగులు, వాళ్ల చెవులకి సరైన మాట ఎవరూ ముందుగా ఇవ్వలేదని నేననుకుంటాను.

పాతకాలం ఇంతకన్నా మేలని చెప్పడం నా ఉద్దేశం కాదు. మశూచి రోజుల్లో మన ఊళ్లలో అమ్మవారు వచ్చిందనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ మండ చూసి చుట్టం వెనక్కి తిరిగిపోయేవాడు, కానీ పెరుగన్నం ముంత గడప బయట దించి పోయేవాడు. ఇంట్లో రోగం ఉందని నలుగురికీ చెప్పడానికి ఆ ఇంటివాళ్లు సిగ్గుపడనక్కరలేకపోయింది. తెచ్చింది తల్లి, తీసుకుపోయేది కూడా తల్లే, మధ్యలో మనిషిని తప్పుపట్టే పని లేదు. ఆ నమ్మకం మశూచిని ఆపలేదు. టీకాలే ఆపాయి, 1975లో దేశంలో ఆఖరి కేసు నమోదైంది. పైగా ఆ ఊళ్లలోనే మరో జబ్బు ముదిరితే ఏ దిక్కూ లేని ఆడమనిషి మీద చిల్లంగి పెట్టిందని పడి కొట్టిన రోజులున్నాయి. అందుకే పాత నమ్మకం తిరిగి రావాలని కోరుకోను. గుమ్మానికి కట్టిన ఆ మండ చేసిన పనిని మరేదైనా మళ్లీ చేయాలని మాత్రం కోరుకుంటాను. మా ఇంట్లో జబ్బుంది, దూరంగా ఉండండి, కానీ మరిచిపోకండి అని భయం లేకుండా చెప్పుకునే వీలు. 2020లో మన ఇళ్ల గోడలకి అంటించిన క్వారంటైన్ కాగితం మొదటి సగమే చెప్పింది.

ఎవరు తెచ్చారన్న ప్రశ్న ఫెరార్గంజ్‌లో వింటే నాకు ఇంకో కారణంతో కూడా గొంతు పట్టేస్తుంది. ఇక్కడ ఎవరూ తమంతట తాము మొలవలేదు. ఊరికి ఆ పేరు 1920లలో దీవుల చీఫ్ కమిషనర్‌గా ఉన్న ఫెరార్ దొర వల్ల వచ్చింది. ఆయన కాలంలోనే, 1926లో, ఉత్తర భారతం నుంచి భంటూలని సాల్వేషన్ ఆర్మీ సాయంతో తెచ్చి ఈ చుట్టుపక్కల దింపారు. పుట్టుకతోనే నేరస్థులని చట్టం ముద్రవేసిన జాతి అది. వాళ్ల పిల్లలు, మనవలు ఈ నేలలో వరి పండించారు. 1921 మలబారు తిరుగుబాటులో పట్టుబడిన మాప్పిళ్లలని ఓడల్లో తెచ్చారు. తిరూర్, వండూర్, మంజేరి అని తమ ఊళ్ల పేర్లే ఇక్కడి పల్లెలకి పెట్టుకున్నారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ కాందిశీకులు, ఛోటానాగ్‌పూర్ నుంచి అడవి పనికి వచ్చినవాళ్లు, ఆపైన మన ఉత్తరాంధ్ర తీరం నుంచి వల, తెడ్డు పట్టుకుని వచ్చినవాళ్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో నూటికి పదమూడుగురి మాతృభాష తెలుగు. మా నాన్నని మెయిన్‌లాండ్ నుంచి ఓ మేస్త్రీ తెచ్చాడు. మా అమ్మని మా నాన్న తెచ్చాడు. ఓడ దిగిన మనుషుల ఊళ్లో, ఓడ దిగినవాడిని వేలు పెట్టి చూపించడం ఎంత దారుణమో ఆ రోజుల్లో ఎవరూ ఆలోచించే స్థితిలో లేరు. ఇప్పుడైనా ఆలోచించాలి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఇలా జరగలేదు. దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాలు ఉప్పునీళ్ల పాలయ్యాయి. ఆ రాత్రి ఎవరి ఇంట్లో ఎవరు పడుకున్నారో, ఎవరి కుండలో ఎవరు తిన్నారో ఎవరికీ గుర్తులేదు. సముద్రాన్ని ఎవరు తెచ్చారని అడగడానికి వీల్లేదు గనుక అందరం ఒకటయ్యాం. వైరస్ మనిషి ఊపిరిలో ప్రయాణిస్తుంది కాబట్టి మనిషే దాని ముఖం అయిపోతాడు. కంటికి కనపడని దాన్ని తిట్టలేక, కనపడే మనిషిని తిడతాం.

ఈ దీవుల్లోనే తెలియని రోగంతో భయపడిన మరో కాలం ఉంది. 1980ల చివర్లో వానలు తగ్గే అక్టోబరు, నవంబరు నెలల్లో ఒక జ్వరం మొదలైంది. పనిచేసుకునే వయసు మనుషులు జ్వరంతో పడుకుని, దగ్గితే నెత్తురు పడి, రోజుల్లో పోయేవారు. కారణం తెలియక దానికి అండమాన్ హెమరేజిక్ ఫీవర్ అని పేరు పెట్టారు. ఏదో కొత్త వైరస్ అన్న అనుమానం చాలామందికి ఉండేది. 1993లో దిగ్లీపూర్‌లో మళ్లీ ముదిరినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు రక్తనమూనాలు పరీక్షించి తేల్చారు: అది లెప్టోస్పైరోసిస్. ఎలుకల, పశువుల మూత్రంతో కలుషితమైన నీళ్లలోంచి, కాలి పగుళ్లలోంచి ఒంట్లోకి పోయే బాక్టీరియా. ముందుగా గుర్తిస్తే పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ లాంటి చవక మందులకే లొంగుతుంది. ఇంకా విచారించవలసిన సంగతి ఏమిటంటే, ఈ దీవుల్లో లెప్టోస్పైరోసిస్ ఉందని టేలర్, గోయల్ అనే ఇద్దరు 1931లోనే రాసిపెట్టారు. అరవై ఏళ్లు అది కాగితాల్లోనే పడి ఉంది. ఈలోగా ఎంతమంది రైతులు పేరులేని జ్వరంతో పోయారో.

ఆ రోగాన్ని ఎవరూ తేలేదు. మనం దిగి నాట్లు వేసే బురదలోనే ఉంది. అది తెలిశాక మా తహసీలు పల్లెల్లో కూడా మాట మారింది. కోతల రోజుల్లో జ్వరమొస్తే ఆస్పత్రికి పో, పొలంలో దిగానని డాక్టరుకి చెప్పు అని ఇంటి పెద్దలే చెబుతారు. భయం పోలేదు, దానికి చేయదగిన పని దొరికింది. పరిశోధన కేంద్రం లాంటి సంస్థ దీవిలోనే ఉండటం ఎంత మేలో 2020లో మళ్లీ చూశాం. కరోనా నమూనాలు సముద్రం దాటక్కరలేకుండా అక్కడే పరీక్షించారు. ఆ మొదటి దఫాలో సోకిన 33 మందీ మే నెలకల్లా కోలుకుని ఇళ్లకి వెళ్లారు. వాళ్లకి ఎలా సోకిందో ఊరంతా చెప్పుకుంది. ఎలా కోలుకున్నారో అడిగినవాళ్లు తక్కువ. రెండో దఫాలో, ఆ మరుసటి ఏడాది, దుఃఖం మరింత దగ్గరికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లో ఈ మహమ్మారికి దీవుల్లో 129 మంది చనిపోయారు.

ఇక ఎవరు తెచ్చారన్న ఆ ప్రశ్న అడిగే హక్కు నిజంగా ఉన్నవాళ్లు ఒకరున్నారు. మా ఊరి నుంచి ఉత్తరానికి కొద్ది దూరం పోతే జిర్కాటాంగ్. గేటు అవతల జారవా ఆదివాసుల అడవి. 1858లో ఆంగ్లేయులు శిక్షాస్థావరం పెట్టేనాటికి గ్రేట్ అండమానీయులనే మరో ఆదివాసీ జాతివాళ్లు వేలల్లో ఉండేవారని అంచనా. 1877లో తట్టు వచ్చింది. దాని తర్వాత ఫ్లూ, సుఖవ్యాధులు. 1901 జనాభా లెక్కల్లో 625 మంది మిగిలారు, 1961లో 19 మంది. తెచ్చింది ఎవరో చెప్పడానికి అక్కడ పరిశోధన అక్కరలేదు. 1997 తర్వాత జారవాలు బయటికి రావడం మొదలుపెట్టిన రెండేళ్లకే, 1999లో, వాళ్లలోనూ తట్టు పాకింది. 2020 ఆగస్టులో గ్రేట్ అండమానీయుల్లో పదిమందికి కరోనా సోకిందని తేలింది. మొత్తం జాతే యాభై పైచిలుకు మనుషులు. అందరూ కోలుకున్నారన్న వార్త విన్నప్పుడు మా వీధిలో కొందరం ఆనందంతో ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. జారవా అడవిలోంచి పోయే ట్రంక్ రోడ్డుని మూసేయాలని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. బండ్లు ఇంకా పోతున్నాయి.

ఆ రోడ్డు మీద చాయ్ అమ్ముకునే మనుషుల మధ్య బతుకుతూ ఇది రాయడం నాకు తేలిక కాదు. వాళ్ల పిల్లల ఫీజులు ఆ బండ్లలోంచే వస్తాయి. అయినా రాస్తాను. ఇంకో వైరస్ వచ్చి తీరుతుంది. 2018లో కోళికోడ్‌లో నిపా బయటపడినప్పుడు మా తిరూర్ పల్లెలో చుట్టాల కోసం ఎంత ఆందోళన పడ్డారో చూశాను. ఆ ఇంకో వైరస్ వచ్చిన రోజున మొట్టమొదట జిర్కాటాంగ్ గేటు టూరిస్టు బండ్లకి మూయాలి, ఆ రోజునే రోడ్డు పక్క కుటుంబాలకి బియ్యం, డబ్బు చేరాలి. బారాటాంగ్‌కి సముద్రం మీదుగా పోయే బోట్లు పెంచితే ఆ చాయ్ దుకాణాలు జెట్టీ దగ్గర బతుకుతాయి. ఇది ఇప్పుడు, ఏ జ్వరమూ లేని రోజుల్లోనే చేసుకోవలసిన పని.

మా పంచాయతీకి ఒక విన్నపం ఇచ్చాను. ప్రతి ఇంట్లో ఎవరికి ఏ మందు నిత్యం కావాలి, ఎవరు ఒంటరిగా ఉంటున్నారు, ఎవరికి నెలలు నిండుతున్నాయి, ఎవరికి ఫోను లేదు అన్న జాబితా ముందే రాసి పెట్టుకోవాలని. సోకినవాళ్ల పేర్ల జాబితా ఆస్పత్రికి కావాలి, అది అక్కడే ఉండాలి. మనకి కావలసింది ఈ అవసరాల జాబితా. రాయడానికి డిగ్రీ చదివి ఇంటిపట్టున ఉన్న పిల్లలు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. మొదటి పేజీ మా వీధితో మొదలుపెట్టాం, పక్కింటి పిన్ని బీపీ బిళ్లలతో.